అయస్కాంతం అంటని రేకు

వరహాలు డ్రమ్ములోకి నడుం దాకా దూరి కొత్త రేకుని గోనె పీలికతో తుడుస్తున్నాడు. బయటికి కనిపిస్తున్నవి అతని కాళ్ళు మాత్రమే. మోకాళ్ళ కింద ఒక్క వెంట్రుక లేదు. పిక్కల మీద చర్మం మసిబారిన గచ్చులా నున్నగా ఉంది. చీలమండలు పొద్దున్నే ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది, కాసేపటికి గానీ పూడదు. అది ఎంతసేపట్లో పూడుతుందో చూసుకోవడం ఈమధ్య అతనికి పళ్ళు తోముకోవడంతోపాటు రోజూ చేసే పనైపోయింది.

లోపల రేకు తళతళలాడుతోంది. అందులో అతని ముఖం సాగదీసినట్టు కనిపించింది. కనుబొమలు లేని ముఖం. మంట ముందు నిలబడి బతికేవాడికి కనుబొమలు మొలిచే తీరిక ఉండదు. వరహాలు ఆ ముఖాన్ని కూడా పీలికతో ఒకసారి తుడిచి బయటికి వచ్చాడు.

పలాసలో ఇప్పుడు జీడిపిక్కని ఆవిరిలో ఉడికించే కంపెనీలే ఎక్కువ. ఈ షావుకారు మాత్రం ఇంకా కాల్చిన జీడిపప్పే అమ్ముతాడు. ఆ రుచి కావాలని అడిగి మరీ కొనేవాళ్ళున్నారు. డ్రమ్ము అంటే మనిషికి రెండింతల పొడవున్న ఇనప గొట్టం. ఇటుకల బట్టీ మీద ఏటవాలుగా పడుకుని మోటారుతో తిరుగుతుంటుంది. కింద జీడి తొక్క మండుతుంది. పై మూతిలో పచ్చి పిక్క పోస్తే దొర్లుకుంటూ, తన నూనెకి తనే అంటుకుని, కింది మూతిలోంచి మండుతూ పడుతుంది. దాని మీద నీళ్ళు చల్లి, బూడిదలో పొర్లించి, ఆడవాళ్ళ షెడ్డుకి పంపుతారు. వాళ్ళు కొట్టి పప్పు తీస్తారు. ఆ పప్పు తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు డబ్బాల్లోకి వెళుతుంది.

పై గొట్టం ఏ ఇనుమైనా ఫరవాలేదు. లోపలి అస్తరుదే అసలు బాధంతా. మామూలు ఇనుమైతే ఎర్రగా కాలి, నెల తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. మంటకి ఆగే స్టీలు వేరే జాతి. వెల్డింగు వాళ్ళు దాన్ని త్రీటెన్ అంటారు. అందులో క్రోమియం, నికెలు దండిగా పోస్తారట. వేడి తగలగానే ఒంటి మీద కంటికి ఆనని పొర ఒకటి కప్పుకుంటుంది. గీసుకుపోతే మళ్ళీ కప్పుకుంటుంది. ఎర్రగా కాలినా జారిపోదు. చల్లారితే ఎప్పటి ఆకారానికి అప్పటికి వస్తుంది. మనిషి చర్మానికి దేవుడు ఆ ఏర్పాటు చెయ్యలేదు.

పాత అస్తరు ఆ జాతిదే. ఎక్కడో మూతబడ్డ ఫ్యాక్టరీ కొలిమిలోంచి ఊడదీసిన రేకుని షావుకారు తండ్రి కొని తెచ్చి వేయించాడు. అప్పుడు దాన్ని బిగించిన ముసలి ఫిట్టరు బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా తొలిచాడు. ఈ స్టీలు మామూలు ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, సాగడానికి చోటివ్వకపోతే ఒళ్ళు విరుచుకుంటుంది అన్నాడు. ఏళ్ళ తరబడి రోజూ కాలింది, రోజూ చల్లారింది. జీడినూనె పొగ తాగి తాగి చివరికి పోయిన నెలలో అడ్డంగా పగిలింది. దాన్ని ఊడదీసిన రోజు వరహాలు ఇంట్లో ఎద్దు పోయినంత దిగులుపడ్డాడు. ఆ రేకూ అతనూ ఒకే మంట తిన్నవాళ్ళు మరి.

వరహాలుది సుమ్మాదేవి అవతల, సముద్రం వైపు ఊరు. తిత్లీ తుఫాను అతని నాలుగు జీడిచెట్లనీ వేళ్ళతో సహా లేపి పారేసింది. ఆ ఉద్దానం ఊళ్ళల్లో ఇద్దరు ఎదురైతే బాగున్నావా అని అడగరు, ఎంతుంది అని అడుగుతారు. అంటే రక్తంలో క్రియాటినిన్ ఎంతుందని. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే లెక్క అది. వరహాలుకి నాలుగు దాటింది. పలాస డాక్టరు కాగితం చూసి, మంట దగ్గర పని మానెయ్యమన్నాడు. మానేసి నీడపట్టున కూర్చుంటే డయాలసిస్ మిషను ఎక్కకుండా కొన్నేళ్ళు లాగవచ్చు, మానకపోతే వచ్చే వేసవి చూడడం కష్టం అన్నాడు. నీడపట్టున కూర్చోబెట్టి కూలి ఎవడిస్తాడో మాత్రం మందుల చీటీ మీద రాయలేదు.

అలాంటి సమయంలో గేటు ఖాళీ అయింది. కోటబొమ్మాళి నుంచి వచ్చి గేటు కాసే ముసలాడు చూపు ఆనక పని మానేశాడు. గేటు దగ్గర రేకుల చూరు నీడ ఉంది, గోడకి చేరేసిన స్టూలుంది, నీళ్ళ కుండ ఉంది. లారీ వస్తే గేటు తియ్యాలి. సాయంత్రం ఆడవాళ్ళు ఇళ్ళకి పోయేటప్పుడు క్యారేజీలు తెరిపించి, కొంగు ముడులు విప్పించి, పప్పు పట్టుకుపోవడం లేదని చూడాలి. అంతే పని. వరహాలు రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు మేనేజరు లోకనాథ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లోకనాథ్ షావుకారుకి బావమరిది. నలభై ఏళ్ళ మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. అరిచేవాడైతే మనుషులు జాగ్రత్తపడేవాళ్ళు.

"కొత్త రేకు వేస్తున్నాం కదా వరహాలూ," అన్నాడు మెత్తగా. "నువ్వే దగ్గరుండి చూడు. అది సరిగ్గా నడిస్తే ఆ సాయంత్రం నుంచే గేటు నీది. నడవకపోతే మరి, డ్రమ్ము దగ్గర నువ్వు లేకుండా ఎలా?"

కొత్త రేకుని టెక్కలి రోడ్డులో ఒక పాత ఇనుము దుకాణం నుంచి లోకనాథే తెచ్చాడు. దించగానే వరహాలుని పిలిచి, చూసి చెప్పమన్నాడు.

ఇందులో వరహాలుకి కొంత పేరుంది. పాడైపోయిన స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. ఊళ్ళో ఎవరు కాశీబుగ్గ బజారు నుంచి బిందె తెచ్చినా, డేగిశా తెచ్చినా, ముందు అతని గుమ్మంలోకి వస్తుంది. అతను అయస్కాంతం ఆనించి, అంటుకుంటే పెదవి విరుస్తాడు, జారిపోతే తల ఊపుతాడు. అంటనిది మంచి స్టీలు, అంటినది నాసిరకం. ఉద్దానంలో ఆడవాళ్ళందరికీ తెలిసిన శాస్త్రమే ఇది. అయస్కాంతం జేబులో పెట్టుకు తిరిగేవాడు అతనొక్కడు కాబట్టి పెద్దరికం అతనిదైంది. ఆ పెద్దరికంతోనే రేకు నాలుగు మూలలా అయస్కాంతం ఆనించాడు. నాలుగుసార్లూ జారి కింద పడింది.

"అసలు సరుకే బాబూ," అన్నాడు.

ఇదంతా మొన్న. నిన్న సాయంత్రం వెల్డరు పాండు రేకుని వంచి డ్రమ్ములో అతికాడు. ఇవాళ మొదటిసారి మంట వెయ్యాలి.

పాండు తన వైర్లు చుట్టుకుపోవడానికి పొద్దున్నే వచ్చి, డ్రమ్ము పక్కనే తచ్చాడుతున్నాడు. ముప్పయ్యేళ్ళ వాడు, వరహాలు ఊరివాడే.

"మావా, మంటెట్టకముందు ఒక మాట సెప్పాల," అన్నాడు.

"ఏట్రా?"

"ఇది త్రీటెన్ కాదేమోనని నా అనుమానం. అతుకేసినప్పుడు తేడాగా కరిగింది."

"అయస్కాంతం అంటనేదు కదా. నీ కళ్ళముందే సూపించాను."

"గిన్నిల రేకూ అంటదు మావా. నికెలు కోసీసి మాంగనీసు కలిపేత్తారు. కూడు తినడానికి సరిపోతాది. ఇంత మంటకి ఆగదు. పైగా నూనె కారకుండా సుట్టూరా అతుకెట్టీమన్నారు లోకనాథం బాబు. సందొదల్నేదు. వేడికి సాగితే ఎటు పోతాది అది?"

వరహాలు గోనె పీలికని దులిపి డ్రమ్ము అంచున ఆరేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించే రకం కాదు అతను. పాండు చెప్పింది నిజమే కావచ్చని లోపల ఎక్కడో తగిలింది. పాత రేకు బరువు అతని చేతులకి గుర్తుంది; దీన్ని మోసినప్పుడు చేతులు వేరే మాట చెప్పాయి. కానీ అతను గేటు వైపు చూశాడు. చూరు కింద స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద ఎండ పడటం లేదు.

"నానెళ్ళి ఆయనకి సెప్పీనా?" అన్నాడు పాండు.

"సెప్పకు."

"తర్వాత నన్ననకు మరి."

"ఇయ్యాల్టికి ఆగితే సాలురా. సాయంత్రానికి నాను గేటు కాడుంటాను. రేపు అది ఇరిగితే ఇరగనీ."

పాండు తండ్రి వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో మిషను మీద పడుకుంటాడు. ఆ బతుకేమిటో పాండుకి తెలుసు. వైర్లు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారు గానీ రోళ్ళకి ఏమీ కాదు, మనుషులే పగులుతారు. పది దాటేసరికి బట్టీ ముందు గాలి సైతం కాలి ముద్దయింది. డ్రమ్ము లోపలి రేకు మొదట పసుపు తిరిగింది, తర్వాత నీలం, తర్వాత చీకట్లో చుట్ట కొనలా ఎరుపెక్కింది. మోటారు ఒకే తీరుగా మూలుగుతోంది. పిక్క దొర్లుతోంది. ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు పై మూతి దగ్గర బస్తాలు గుమ్మరిస్తున్నారు. వరహాలు కింది మూతి దగ్గర నిలబడి మంటల్లో పడే పిక్కని పారతో లాగి నీళ్ళు చల్లుతున్నాడు. రేకు ఆగింది. అతని గుండె కొంచెం కుదుటపడింది.

అతని భార్య మహాలక్ష్మి ఆడవాళ్ళ షెడ్డులో పని చేస్తుంది. చల్లారిన పిక్క మోసుకుపోవడానికి బుట్టతో వచ్చింది. జీడిసొన అంటి అంటి ఆమె వేళ్ళ కొసలు నల్లగా బండబారాయి. ఆధార్ మిషను ఆమె వేలిముద్రని ఎన్నడూ ఒప్పుకోదు.

"నడుత్తందా?" అంది.

"నడుత్తంది."

"అయితే సాయంత్రం నుంచి గేటేనా?"

"గేటే. నీ కొంగు కూడా ఇప్పించి సూడాల."

"సూడు. నా కాడేటుంది?" అని నవ్వింది. నిజంగానే ఆమె దగ్గర ఏమీ ఉండదు. షెడ్డులో అందరూ అంతో ఇంతో ముక్కపప్పు కొంగున కట్టుకుంటారు, మహాలక్ష్మి కట్టుకోదు. అదొక మొండితనం ఆమెకి. "ఎవుర్నీ మరీ బాధపెట్టకు," అంది బుట్ట ఎత్తుకుంటూ.

"సూసీ సూడనట్టు ఒగ్గీత్తాన్లే. నాకేటి పని?"

వరహాలు నిజంగా అదే అనుకున్నాడు. ఆడవాళ్ళు తలా గుప్పెడు ముక్క పట్టుకుపోతే కంపెనీ మునిగిపోదు. తను స్టూలు మీద కూర్చుంటాడు, వాళ్ళు వెళ్ళిపోతారు, గేటు వేసి తాళం పెడతాడు. కాళ్ళ వాపు దిగుతుంది. వచ్చే వేసవి వస్తుంది. ఇంతకంటే పెద్ద కోరిక అతను జీవితంలో ఎన్నడూ కోరలేదు.

రెండోసారి బుట్టతో వచ్చినప్పుడు మహాలక్ష్మి నవ్వలేదు. అరచేతిలో ఏదో పట్టుకొచ్చింది. పలచటి నల్ల పెచ్చులు.

"ఇదేటయ్యా? పిక్కల్లో ఇయ్యొత్తన్నాయి."

వరహాలు వాటిని వేళ్ళ మధ్య నలిపాడు. పొడి అయ్యాయి. అతనికి తెలుసు అవేమిటో. రేకు తన ఒంటి మీద కప్పుకున్న పొర నిలబడటం లేదు. ఊడి పిక్కలో పడుతోంది.

"పెచ్చులేరీ," అన్నాడు. "ఎవరికీ సెప్పకు. ఏరీసి షెడ్డుకి పంపు."

ఆమె అతని ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి డ్రమ్ము లోపల పెళ్ళుమని చప్పుడైంది. సాగిన రేకుకి ఎటూ దారి లేక, ఒక పక్క అతుకు తెంచుకుని లోపలికి ఉబ్బింది. ఆ ఉబ్బుకి డ్రమ్ము మూతి వంకరపోయి ఇటుకలని రాసుకుంది. మోటారు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది.

డ్రమ్ము ఆగితే లోపలి పిక్క ఒకేచోట పడి మాడి బొగ్గవుతుంది. నూనెంతా ఒక్కసారి అంటుకుంటే షెడ్డు కప్పు దాకా మంట లేస్తుంది. మామూలుగా అయితే కింద తొక్కని లాగేసి, నీళ్ళు కొట్టి, బట్టీ చల్లార్చాలి. అంటే రేకు పోయిందని అందరికీ చెప్పడమే. వరహాలు తొక్క లాగలేదు. మోటారు రాకముందు డ్రమ్ముని చేత్తో తిప్పే ఇనప చక్రం ఒకటి కింది మూతి పక్కనే ఇంకా ఉంది. మనిషి ఒక్కడే పట్టగలిగేది. అతను పారని ఒడిశా మనుషుల్లో ఒకడికి అందించి, మోటారు బెల్టు విప్పేసి, తలకి చుట్టుకున్న తువ్వాలుని తడిపి మళ్ళీ చుట్టుకుని, చక్రం పట్టుకున్నాడు.

మోటారు చప్పుడు ఆగిందని లోకనాథ్ వచ్చాడు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఏమైంది?"

"బెల్టు జారింది బాబూ. సేత్తో తిప్పీత్తాను."

లోకనాథ్ కళ్ళు నేల మీద నల్ల పెచ్చుల కుప్పని చూశాయి. మహాలక్ష్మి చేతుల్ని చూశాయి. వంకరపోయిన మూతిని చూశాయి. ఎంతకి దొరికిన రేకో, ఎందుకు అంత తేలిగ్గా దొరికిందో అతనికి తెలియనిది కాదు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడికి గేటు కావాలి, ఇంకొకడికి లాటు కావాలి.

"సాయంత్రానికి ఈ లాటు పిక్కంతా అయిపోవాలి," అని లోకనాథ్ ఆఫీసులోకి వెళ్ళిపోయాడు. అక్కడ చల్లటి గాలి మిషను ఉంది.

మధ్యాహ్నమంతా వరహాలు చక్రం తిప్పాడు. రాసుకున్న చోట ఇటుకలు అరిగే దాకా గట్టిగా లాగాల్సి వచ్చేది, తర్వాత కొంచెం వదులైంది. ఇనప చక్రం తనే వేడెక్కి అరచేతులకి అతుక్కుంది. గోనె పీలిక చుట్టుకున్నాడు, అది మాడింది. మహాలక్ష్మి అంబలి గిన్నె తెచ్చి నోటి దగ్గర పెట్టబోతే తల అడ్డంగా తిప్పాడు. వదిలితే డ్రమ్ము వెనక్కి దొర్లుతుంది. తర్వాత తాగుతాలే అన్నాడు. పొద్దుటి నుంచి తను ఒంటికి వెళ్ళలేదని ఒకసారి గుర్తొచ్చింది, మళ్ళీ మర్చిపోయాడు. మొదట చెమట కళ్ళల్లోకి కారింది. ఆ తర్వాత కారడం మానేసింది. ఒళ్ళు పొడిగా, తేలిగ్గా అనిపించింది. ఎండ తగ్గిందేమో అనుకున్నాడు.

చివరి బస్తా కింది మూతిలోంచి పడేసరికి షెడ్డు నీడ గోడ దాకా సాగింది. తొక్క లాగేసి నీళ్ళు కొట్టాక, డ్రమ్ము లోపల ఉబ్బిన రేకు చల్లారుతూ టక్కు టక్కుమని చాలాసేపు చప్పుడు చేసింది. అది మొదటి ఆకారానికి రాలేదు.

లోకనాథ్ వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"రేకు పోయిందిగా వరహాలూ. నువ్వే కదా చూసి మంచిదన్నావు."

వరహాలు ఏదో అన్నాడు. నాలుక తిరగలేదు.

"సరే, గేటు సంగతి తర్వాత చూద్దాం. రేపు నువ్వు ఇక్కడ ఉండాలి, వేరే రేకు తెప్పిస్తాను." రెండడుగులు వేసి లోకనాథ్ ఆగాడు. "ఇవాళ గేటు దగ్గర ఎవరూ లేరు. ఆడవాళ్ళు పోయేదాకా వెళ్ళి కూర్చో. ఎలాగూ ఖాళీయే కదా."

వరహాలు గేటు దాకా నడిచాడు. కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు గానీ నడిచాడు. రేపటి సంగతి అతని బుర్రలోకి ఎక్కలేదు. ఇవాళ గేటు అన్న ముక్క మాత్రం ఎక్కింది. చూరు నీడలో స్టూలు మీద కూర్చుని, గేటు స్తంభానికీ గోడకీ మధ్య మూలలో వీపు ఆనించాడు. గోడ చల్లగా తగిలింది. తల మీది తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకుని, కాలిన అరచేతులు దాని కింద దాచుకున్నాడు. నీళ్ళ కుండ చేతికందే దూరంలో ఉంది. కొంచెం ఆగి తాగుదామనుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలా సుఖంగా ఉందనిపించింది. కొంతసేపటికి అతని ఊపిరి ఆగిపోయింది. ఎవరినీ పిలవలేదు. పిలిచే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు.

షెడ్డు వదిలారు. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వరసగా గేటు వైపు వచ్చారు. ముందు నడుస్తున్న అప్పలమ్మ స్టూలు మీద మనిషిని చూసి ఆగింది. కళ్ళు మూసి ఉన్నాయి. ఒళ్ళో తువ్వాలు పరిచి ఉంది.

కోటబొమ్మాళి ముసలాడి కాలం నుంచీ ఆ గేటుకి ఒక ఆచారం ఉంది. కొంగులు విప్పించి చూసే రోజు అతను నిలబడి ఉండేవాడు. వాటా కావాల్సిన రోజు ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. అప్పుడు ఒక్కొక్కరూ గుప్పెడు ముక్కపప్పు తువ్వాల్లో వేసి, మిగిలింది కొంగున ఉంచుకుని వెళ్ళిపోవాలి. మాటలుండవు. కళ్ళు మూసుకున్నవాడు దేనికీ సాక్షి కాదు. ఈ సంగతి లోకనాథ్‌కీ తెలిసే ఉంటుంది. తెలిసి ఊరుకున్న విషయాలు అవసరమైన రోజున కొత్తగా తెలుస్తాయి.

"ఈడు మంచోడనుకున్నానే," అంది అప్పలమ్మ వెనక్కి తిరిగి.

"అదే తానులో ముక్క," అంది వనజ. "మొదట్రోజే పరిసీసినాడు. ముసలోడు రెండ్రోజులు ఆగాడు."

అప్పలమ్మ కొంగు ముడి విప్పి గుప్పెడు పప్పు తువ్వాల్లో వేసింది. కసికొద్దీ కొంచెం ఎత్తు నుంచే వేసింది. వనజ వేసింది. తర్వాత మిగతావాళ్ళు వేశారు. ఒకరిద్దరు ముక్క బదులు పొట్టు వేసి నవ్వుకున్నారు. కళ్ళు తెరిచి చూసుకుంటాడేమోనని ఆగి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అతను తెరవలేదు. నటనలో ముసలాణ్ణి మించిపోయాడనుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయారు.

పెచ్చులు ఏరే పనిలో వెనకబడిన మహాలక్ష్మి అందరి కంటే ఆఖరున వచ్చింది. వస్తూ వస్తూ దూరం నుంచే స్టూలు మీద అతన్ని చూసింది. చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేకు పోయినా గేటు ఇచ్చారన్నమాట అనుకుంది. దగ్గరికి వచ్చాక ఒళ్ళో కుప్ప కనిపించింది.

ఇరవయ్యేళ్ళు ఆ షెడ్డులో కూర్చుని తను ఒక్క బద్ద నోట్లో వేసుకోలేదు. రేపు వాళ్ళందరి మధ్యా ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? వనజ గేటు దాటుతూ వెనక్కి తిరిగి, దూరంగా ఉన్న తన వైపు చూసి మూతి విరవడం ఇప్పుడు అర్థమైంది.

"సిగ్గునేదేటయ్యా నీకు?" అంది.

అతను కళ్ళు తెరవలేదు. ఆమెకి ఇంకా కోపం వచ్చింది. కొంగు విప్పి, అతని ముఖం ముందు రెండుసార్లు ఖాళీగా దులిపింది.

"నా కొంగూ సూసుకో. సూసీసి నీ వాటా నువ్వు తిను. ఇంటికి రానక్కర్నేదు."

రోడ్డు మీద ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

తాళం వెయ్యడానికి లోకనాథ్ వచ్చేసరికి ఆరు దాటింది. రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. వేడిగా ఉన్నా అందులో ఏమీ లేదని చెయ్యికి తెలిసి, వెనక్కి లాక్కున్నాడు. అంత రాతి మనిషేం కాదు. కానీ ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో తెలిసినవాడు. ముందు ఫోను తీసి, ఒళ్ళో పప్పు బాగా కనిపించేలా రెండు ఫొటోలు తీశాడు. తర్వాత తువ్వాలు నాలుగు కొసలూ కలిపి ముడివేసి మూట పక్కన పెట్టాడు. ఆ తర్వాత అంబులెన్సుకి ఫోను చేశాడు.

ఉద్దానంలో చావుకి కారణం వెతకనక్కర్లేదు. కిడ్నీ మనిషి అన్నారు, అందరూ తల ఊపారు. ఇంటి ముందు స్నానం చేయించేటప్పుడు అరచేతుల చర్మం గోనె నారతో సహా ఊడి వచ్చింది. చెంబు పట్టుకున్న మహాలక్ష్మి ఆ చేతుల్ని చూసింది. ఎంతసేపటి కిందట పోయాడో ఆసుపత్రిలో చెప్పిన మాట పక్కనే ఎవరో అంటున్నారు. గేటు దగ్గర తను తిట్టింది ఎవరినో ఆమెకి అప్పుడు తెలిసింది. చెంబు కింద పెట్టలేదు. నీళ్ళు పోస్తూనే ఉంది.

కర్మలు అయ్యాక ఊరి పెద్దలు నలుగురు ఆమెని తీసుకుని కంపెనీకి వచ్చారు. మంట దగ్గర పని చేస్తూ పోయాడు, షావుకారు ఏదైనా దారి చూపించాలి అన్నారు. పాండు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. రేకు మాట ఎత్తితే అతికింది ఎవరని అడుగుతారు, అందుకని నేల చూపులు చూశాడు. లోకనాథ్ అందరికీ కుర్చీలు వేయించాడు.

"మంట దగ్గర పోలేదండీ. గేటు దగ్గర పోయాడు," అన్నాడు మెత్తగా. "అక్కడ ఏం చేస్తూ పోయాడో చెబితే బాగుండదు. అందుకే ఇన్నాళ్ళూ బయటపెట్టలేదు."

ఫోను చూపించాడు. బీరువా తెరిచి మూట తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షెడ్డు ఆడవాళ్ళని పిలిపించారు. అప్పలమ్మ వచ్చింది, వనజ వచ్చింది. తామెలా వేశామో చెప్పాలంటే ముందు తమ కొంగున ఏముందో చెప్పాలి. మాకేం తెలియదు బాబూ అన్నారు.

"నువ్వు చివర వెళ్ళావట కదా," అన్నాడు లోకనాథ్ మహాలక్ష్మితో. "అతని ఒళ్ళో పప్పు చూశావా, లేదా?"

ఆమె అబద్ధం ఆడటం నేర్చుకోలేదు. ఆ ఒక్క పూటకి ఎవరైనా నేర్పితే బాగుండేది.

"సూసాను బాబూ," అంది.

రెండో మాటకి ఆగకుండా పెద్దలు లేచారు.

వారంలోపే లోకనాథ్ హైదరాబాదు నుంచి అసలైన త్రీటెన్ రేకు తెప్పించాడు. పాండు ఈసారి కోల రంధ్రాలు తొలిచి, సందులు వదిలి బిగించాడు. ఎర్రగా కాలుతోంది, చల్లారుతోంది, పెచ్చు ఊడటం లేదు. చాలా ఏళ్ళు నడుస్తుందని అందరూ అంటున్నారు. మహాలక్ష్మి షెడ్డులో తన చోటే కూర్చుని పిక్క కొడుతోంది. గేటుకి కొత్త మనిషి వచ్చాడు.

మూట మాత్రం ఆఫీసు బీరువా పై అరలో అలాగే ఉంది. లోపల పప్పుకి పురుగు పట్టింది. బీరువా తలుపు తీసినప్పుడల్లా తువ్వాలు నేతలోంచి సన్నటి తెల్లటి పిండి కొంచెం కొంచెంగా కింది అర మీదికి రాలుతోంది.